మీటరాయన పట్టుకున్న దొంగ

ముప్పై నాలుగేళ్లు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసి రిటైరైన ఆ మనిషిని వీధంతా మీటరాయన అనేది. భార్య కూడా అలాగే అనేది, ఆయనకు వినపడేలా. తాళమేసిన ఇంటికి మిగతావాళ్లు అందాజాగా ఓ అంకె వేసి టీకి పోతే, ఈయన ప్రహరీ ఎక్కి ప్యాంటు చింపుకుని మరీ అసలు అంకె చూసి వచ్చేవాడు. కింది వాటాలో ఆవిడ తమ్ముడి దర్జీ దుకాణం. ఆ ఇంట్లో ఆవిడతో మాట కలిపే ప్రాణి ఆ తమ్ముడొక్కడే. మొగుడు వింటాడు గానీ రీడింగు తీసుకుంటున్నట్టు వింటాడు.

రిటైరయ్యాక మీటరాయన కరెంటు కారు కొన్నాడు. రంగు చూడలేదు, సీట్లు చూడలేదు. అద్దానికి అంటించిన సర్కారు వారి చీటీ చూశాడు: వంద కిలోమీటర్లకు పదహారు యూనిట్లు. తీరా నడిపితే కారు తెర మీద పద్నాలుగే కనపడింది. ఇంకేముంది, కాళ్లు నేల మీద నిలవలేదు. సర్కారు కన్నా తానే బాగా నడుపుతున్నానని పాలవాడి దగ్గర్నుంచి పళ్ల డాక్టరు దాకా చెప్పి వచ్చాడు.

అక్కడితో ఊరుకుంటే ఆయన మీటరాయన ఎందుకవుతాడు? చార్జింగు ప్లగ్గుకు వేరే మీటరు బిగించాడు. రెండు వందల కిలోమీటర్లు తిరిగొచ్చాక తెర ఇరవై ఎనిమిది యూనిట్లు ఖర్చయ్యాయంది. మళ్లీ నింపేసరికి గోడ మీటరు ముప్పై రెండు తిరిగింది. నాలుగు యూనిట్లు మాయం. మామూలు మనిషి తల గోక్కుంటాడు. ఆయన సర్వీసులో మాయమైన యూనిట్లకు అర్థం ఒకటే: దొంగ. ఆ మీటరు నుంచి ప్లగ్గుకు పోయే తీగ ఎవరి వాటా మీదుగా పోతోంది? ఇస్త్రీ పెట్టె ఎవరికుంది?

కొలతలిస్తున్న ఇద్దరు మనుషుల ముందే, టార్చి పట్టుకుని దుకాణం గోడలు తడిమాడు. దర్జీ గొడవ పడలేదు. తన వాటా ఫ్యూజులు పీకి బావ చేతిలో పెట్టాడు.

"ఇవి మీ దగ్గరే ఉంచండి బావా. పోయేవాడికెందుకు?"

మర్నాటికి బస్టాండు అవతల గది మాట్లాడుకున్నాడు. కత్తిరింపు బల్ల వరండాలోకి వచ్చింది, వ్యాను ఆదివారం మధ్యాహ్నానికన్నారు. ఆవిడ మొగుడితో మాటలు మానేసింది. ఆయనకా సంగతి తెలియనే లేదు. ఇలా అయితే లాభం లేదని ఆదివారం తెల్లారగానే, నిండు బ్యాటరీతో ఉన్న కారులో ఆయన్ని కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుని, సరిగ్గా వంద కిలోమీటర్లు తిప్పించింది. తిరిగొచ్చి చార్జింగు పెట్టించి, మీటరు ముందు పీట వేసుకుని కూర్చుంది. కింది వాటాలో ఫ్యూజుల్లేవు, బల్బు కూడా వెలగదు.

తెర పద్నాలుగంది. మీటరు పదహారు తిరిగి ఆగింది.

ఈ రెండూ ఎవరు తిన్నారని ఆవిడ అడిగింది. భూమిలోంచి లాగుతున్నారేమో అని ఆయన వంగి చూడబోయాడు. ఆవిడ చదివింది ఐదో తరగతి, కానీ పొట్లం కాగితమైనా చదవకుండా పారేయదు. కళ్లజోడు పెట్టుకుని అద్దం మీది చీటీలో పెద్ద అంకె కింద చీమల్లా ఉన్న అక్షరాలు చదివింది. ఆ పదహారు గోడ ప్లగ్గు దగ్గర కొలిచినదట, చార్జింగులో పోయేదానితో కలిపి. ప్రతి కారునీ గదిలో రోలర్ల మీద ఒకే తీరున పరిగెత్తించి రాస్తారట, ఒకదానితో ఒకటి పోల్చుకోడానికి. చదివి, మొగుడి చెయ్యి పట్టుకుని చార్జరు పెట్టె మీద పెట్టింది. పెట్టె వేడిగా ఉంది.

"మీ దొంగ ఇక్కడున్నాడు. సంకెళ్లు వేయించండి. గోడ దగ్గర చూస్తే మీదీ పదహారే. ఆ పళ్ల డాక్టరు దగ్గరికెళ్లి కొత్త రీడింగు ఇచ్చి రండి."

"చిన్నక్షరాలు చదవడం నా డ్యూటీ కాదు" అన్నాడు మీటరాయన. కానీ చెయ్యి ఆ పెట్టె మీంచి తీయలేదు.

వ్యాను వచ్చి ఆగింది. దర్జీ కుట్టుమిషనుకు తాడు కడుతున్నాడు. సర్వీసులో ఒక్క అంకె దిద్దని మనిషి పెట్టె దగ్గర్నుంచి నడిచి వచ్చి బామ్మర్ది ఎదురుగా నిలబడ్డాడు.

"తప్పు రాశాను" అన్నాడు.

"వినపడలేదు బావా."

"తప్పు రాశానయ్యా."

దర్జీ అక్క వంక చూశాడు. ఆవిడ మొగుడి వైపే చెయ్యి చూపింది, ఇది ఆయనే దిద్దుకోవాలి. దర్జీ తాడు విప్పి, వ్యానువాణ్ణి పంపేసి, కత్తిరింపు బల్ల రెండో కొస చూపించాడు. కిటికీ దగ్గర వేయాలన్నాడు. ఆ కొసే బరువు. గుమ్మం దాకా మోసి మీటరాయన ఆయాసంతో ఆగాడు.

"దించకండి" అన్నాడు దర్జీ.

ఆయన దించలేదు.