మెట్ల కింది సర్వరు

కరెంటు పోతే మా వంటింట్లో ఫ్యాను ఆగిపోయేది. మెట్ల కింద, బియ్యం డబ్బా పక్కనున్న కంప్యూటరు మాత్రం ఆగేది కాదు. దానికి ప్రత్యేకంగా ఇన్వర్టరు. నేను పొయ్యి దగ్గర చెమటలు కక్కుతుంటే అది హాయిగా గుర్రుమంటూ ఉండేది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తెచ్చింది మా ఆయన. రాజాంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పేవారు. పెద్ద కంపెనీలు మన మెయిళ్లు చదివేస్తున్నాయని, అమెరికా సర్కారు అందరి మాటలూ వింటోందని పేపర్లలో వస్తున్న రోజులవి. ఆయనకి అన్నం సహించడం మానేసింది.

"మన ఉత్తరం పోస్టుమేన్ ఇప్పి సదివితే ఊరుకుంటామా? ఈళ్లు రోజూ సదువుతన్నారు. మనకి సిగ్గు నేదు" అని నా మీద అరిచేవారు, ఆ చదివేదేదో నేనే అయినట్టు.

ఒక్కొక్కటే పీకేశారు. ల్యాప్‌టాపులో విండోస్ పీకి, ఏ కంపెనీదీ కాని లినక్స్ ఎక్కించారు. నా ఫోనులో కంపెనీలవన్నీ తీసేసి, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని ఉచిత సాఫ్ట్‌వేర్లు పెట్టారు. ఫోటోలు, ఫోన్ నంబర్లు, మెయిళ్లు అన్నీ ఇకమీదట మెట్ల కింది పెట్టెలోనే ఉంటాయన్నారు. అదే మా సర్వరు. నిజం చెప్పాలంటే అన్నీ బాగానే పనిచేశాయి, వాటిని నేనేమీ అనను. డిగ్రీ రోజుల నుంచీ ఉన్న నా పాత మెయిలు ఖాతాను కూడా ఆయనే మూసేసి, వాళ్ల ఇంటిపేరుతో కొత్తది ఇచ్చారు. పెళ్లిలో ఒకసారి మారిన ఇంటిపేరు కంప్యూటర్లో రెండోసారి మారింది.

"నీ పాత మెయిళ్లు కూడా తెచ్చీసినాను. ఒక్కటీ పోనేదు" అన్నారు. అప్పుడు నేను సంతోషించాను.

దసరాకి మా అత్తగారు ఆ సర్వరుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. ఆదివారాలు కాలేజీ వాళ్లు దాన్ని చూడ్డానికి వచ్చేవారు. నేను ఉప్మా చేసి పెడితే తింటూ మెచ్చుకునేవారు, ఉప్మాని కాదు, ఆ పెట్టెని. "మా ఇంట్లోకి ఎవుడూ తొంగి సూడనేడు" అని ఆయన ఛాతీ విరుచుకుని చెప్పేవారు.

నేను విజయనగరంలో సంగీతం చెప్పే ఇంట్లో పుట్టాను. డిప్లొమా కూడా ఉంది. అత్తవారింట్లో నా పాట మంగళహారతి దగ్గరే ఆగిపోయింది. అది కూడా ఎవరైనా అడిగితేనే. విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచరు కావాలని మా అక్క సాలూరు నుంచి ఫోన్ చేసి చెప్పినప్పుడు, ఎవరితోనూ అనకుండా దరఖాస్తు మెయిల్లో పంపేశాను. పిలుపొచ్చాక ఇంట్లో చెబుదామనుకున్నాను. ముందే చెబితే వద్దంటారు, చేతిలో ఉత్తరం ఉంటే కాస్త గట్టిగా మాట్లాడొచ్చు. ఆ ఉద్యోగం వస్తే పొద్దున్న బస్సెక్కి సాయంత్రం దిగేదాకా నేను నేనుగా ఉంటానని ఆశ. రోజూ మెయిలు తెరిచి చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు.

ఒకనాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర, చారు వడ్డిస్తుండగా మా ఆయన తల ఎత్తకుండా అన్నారు: "ఆ స్కూలోళ్లు మొన్న ఇంటర్వ్యూకి రమ్మన్నారు. నువ్వు రానేవని రాసీసి, ఆ మెయిలు తీసీసినాను. రోజూ అంత దూరం తిరిగితే ఇల్లెవరు సూస్తారు?"

గరిటె గిన్నెలో పెట్టేశాను. "నా మెయిలు మీరు చదివారా?" అన్నాను.

"సదవడమేటి? సర్వరు సరిగ్గా పని సేస్తందో నేదో నేను సూసుకోవాల గదా. దాన్ని నడిపేది నేను."

"కంపెనీవాడు చదివితే ఊరంతా చాటారు కదా?"

"ఆడు పరాయోడు" అన్నారు, చారు కలుపుకుంటూ.

అత్తగారు అందుకున్నారు. "ఏటే ఆ గొంతు? మొగుడికి తెలీని ఉత్తరాలు నీకేటి? ఇంట్లో దాపరికాలేటి?"

నాకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. ఆయన్ని చూస్తే, ఆ పెట్టెని చూస్తే, అది ఏమిటో అడక్కుండా సంతోషించిన నన్ను చూసుకుంటే కూడా. మర్నాడు స్కూలుకి ఫోన్ చేశాను. అవతలి ఆవిడ మంచిదే. "మీరే రాలేనని రాశారు కదమ్మా. మీ మెయిలు నుంచే వచ్చింది, కింద మీ పేరే ఉంది. వేరే ఆవిడ చేరిపోయారు" అంది. నా పేరుతో ఆయన సంతకం చేశారన్నమాట. ఏ కంపెనీవాడూ చెయ్యని పని.

ఆ వారం కూరలకని చెప్పి రాజాం బస్సు కాంప్లెక్స్ దగ్గరున్న నెట్ సెంటరుకి వెళ్లాను. తెర వేసిన గదిలో కూర్చుని, మా ఆయన పగలూ రాత్రీ తిట్టిపోసే ఆ పెద్ద కంపెనీలోనే కొత్త ఖాతా తెరిచాను. పుట్టింటి ఇంటిపేరు పెట్టుకున్నాను. షరతులు పేజీలకు పేజీలు ఉన్నాయి. చదవకుండా ఒప్పుకున్నాను. పెళ్లికి కూడా అలాగే ఒప్పుకున్నాను కదా. పాస్‌వర్డు మరిచిపోతే ఏ ఫోనుకి చెప్పాలో ఆ కంపెనీ అడిగింది. అలాంటి చోట అలవాటుగా ఆయన నంబరు రాస్తాం. ఆ రోజు మా అక్క నంబరు రాశాను.

అక్కడి నుంచే అక్కకి మొదటి మెయిలు రాశాను. ఇల్లు వదిలి సంగీతం చెప్పుకోవాలని ఉందని, గొంతు పాడైపోతోందని, భయంగా ఉందని. తర్వాతి వారం మళ్లీ వెళ్లి తెరిస్తే, అక్క జవాబు పక్కన ఒక ప్రకటన ఉంది: ఇంట్లో సాధన చేసుకోడానికి శ్రుతి పెట్టెలు, రకరకాలవి.

కంపెనీవాడు నా ఉత్తరం చదివేశాడు. మా ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కానీ అత్తవారింటికి వచ్చాక నాకు శ్రుతి పెట్టె కావాలేమోనని అనుకున్నది వాడొక్కడే.