ఉల్లిపాయ వెయ్యని ఉపవాసం

కౌంటీ ఆఫీసులో మతసంస్థల సమన్వయాధికారిగా పనిచేసిన నాకు, ఉద్యోగం ఆఖరి ఏళ్ళలో, కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక, షాంటిలీ ప్రాంతం అప్పగించారు. హోదా పేరు పెద్దదే. పని మాత్రం ఎక్కువగా పార్కింగ్ తగాదాలు తీర్చడం.

ఆ ఏడు ఎండాకాలం చివర, యూదుల ప్రార్థనామందిరం ఒకదానిలో పైపు పగిలి హాలు పాడైంది. అలాంటి మందిరాన్ని సినగాగ్ అంటారు, అక్కడి మతగురువును రబ్బీ అంటారు. రబ్బీ డేనియల్ మా సర్వమత కమిటీ సభ్యుడు. ఏడాది మొత్తంలో వాళ్ళకు ముఖ్యమైన యోమ్ కిప్పూర్, అంటే దేవుణ్ణి క్షమాపణ అడిగే రోజు, దగ్గర పడింది. హిందూ గుడివాళ్ళు వెనకనున్న కల్చరల్ హాలు ఇస్తామన్నారు. దానికి వేరే ద్వారం ఉంది, లోపల విగ్రహాలు లేవు. రబ్బీ ఒప్పుకున్నారు.

సినగాగ్ బోర్డు అధ్యక్షుడు ఆర్నల్డ్ అనే రిటైర్డ్ లాయరు మాత్రం, విగ్రహాలున్న ఆవరణలో ప్రార్థనేమిటని అడ్డం తిరిగాడు. వేరే చోటు దొరక్క రబ్బీ మాటే నెగ్గింది. రబ్బీని పెట్టుకునేదీ తీసేసేదీ బోర్డే. డేనియల్ కాంట్రాక్టు ఆ చలికాలం రెన్యూ కావాలి. ఏదైనా తేడా వస్తే పిల్లల్ని బడి మాన్పించి ఇంకో ఊరు వెతుక్కోవాలని, పార్కింగ్ పాసుల గురించి మాట్లాడుతూనే చెప్పారాయన.

చెప్పుల విషయంలో పేచీ రాలేదు. యోమ్ కిప్పూర్ నాడు వాళ్ళు తోలు చెప్పులు వేసుకోరు, గుడివాళ్ళు ఏ చెప్పులూ లోపలికి రానివ్వరు. కమిటీ మీటింగులో రబ్బీ, ఆ రోజు మేమంతా ఉపవాసం అన్నారు. గుడి వంటశాల చూసే రత్నకుమారిగారు శ్రద్ధగా తలూపారు. నేనూ ఊపాను.

ఆ రోజు మధ్యాహ్నం విరామానికి జనం బయటికొచ్చేసరికి, గుమ్మం పక్కన పొడుగాటి బల్ల మీద సగ్గుబియ్యం ఉప్మా, బాదం పాలు, అరటిపళ్ళు, ఆపిల్స్ పేర్చి ఉన్నాయి. ముందురోజు సూర్యాస్తమయం నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళు నిలబడి వాటిని చూశారు. ఇది ఎగతాళా అని ఆర్నల్డ్ రబ్బీని అడిగాడు. రత్నకుమారిగారు నా దగ్గరికొచ్చారు.

“ఎవరూ తీసుకోవట్లేదేంటండీ? అంతా ఉపవాసం ఫుడ్డే. ఒక్క ఉల్లిపాయ ముక్క కూడా వెయ్యలేదని మీరే ఎక్స్‌ప్లెయిన్ చెయ్యండి.”

నేను ఎక్స్‌ప్లెయిన్ చేసింది ఆవిడకి. ఆవిడ మొహం చిన్నబోయింది. బల్ల మీద దుప్పటి కప్పి, అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాఫీ తెప్పించనా అంటే, లోపల అంత పెద్దవాళ్ళు గొంతెండి కూర్చుంటే తనకెలా దిగుతుందన్నారు. నాకు చాలా బాధేసింది.

చీకటి పడ్డాక కొమ్ముబూర ఊది ప్రార్థన ముగించారు. వండినవి వాళ్ళ ఆహార నియమాలకు పనికిరావు, కొయ్యని పళ్ళు పనికొస్తాయి. రబ్బీ అరటిపండు అందుకోబోయారు. విగ్రహానికి పెట్టినదైతే మనం తినకూడదు కదా అని ఆర్నల్డ్ అందరి ముందూ అడ్డు తగిలాడు. నిజమే, తినకూడదు. రబ్బీ చెయ్యి ఆగింది. నా వైపు చూశారు.

గుడిలో నైవేద్యం పెట్టకుండా ఏదీ బయటికి రాదని నాకు తెలుసు. అయినా అడగాలి కనుక అడిగాను.

“పెట్టలేదండీ,” అన్నారు రత్నకుమారిగారు. “వాళ్ళ ఉపవాసం కదా, ముందు వాళ్ళ దేవుడికి చూపించుకుంటారేమోనని మన స్వామికి పెట్టకుండా ఉంచాను. రాంగా?”

ఒక్క ముక్క మార్చకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆర్నల్డ్ ఒక అరటిపండు తీసి, ఒలిచి, ముందు ఆవిడకిచ్చాడు. తర్వాత తనొకటి తిన్నాడు. ఇంకొకటి కోటు జేబులో పెట్టుకున్నాడు.

చలికాలంలో కాంట్రాక్టు రెన్యూ అయింది. ఆ తర్వాత ఏ మతంవాళ్ళు ఉపవాసమన్నా, మంచినీళ్ళు తాగుతారా అని ముందే అడిగేదాన్ని. దేవుడి గురించి మా కమిటీ ఏళ్ళ తరబడి చర్చించింది. అందులో ఒక్క మాటా నాకిప్పుడు గుర్తులేదు.