నేను ఊఁ కొట్టని పది రోజులు

ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది గానీ, ఆ రోజుల్లో ఫిల్మ్ నగర్ మొత్తం మీద నన్ను మించిన తెలివైనవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఎన్నాళ్లో కాలేదు లెండి, ఏడెనిమిదేళ్ల కిందటి మాట. మనసు లోతులు తవ్వి చూపిస్తామంటూ కొత్త పుస్తకాలు కట్టలు కట్టలుగా వచ్చి పడుతున్న కాలం. సైకో అనాలిసిస్ అట, సైకోడైనమిక్ థెరపీ అట. జూబ్లీహిల్స్ కాఫీ షాపుల్లో రచయితనని చెప్పుకునే ప్రతివాడి బల్ల మీదా, అట్ట మీద సోఫాలో పడుకున్న మనిషి బొమ్మ ఉన్న పుస్తకం ఒకటి ఉండేది. చదివేవాళ్లు తక్కువ, అట్ట కనిపించేలా పెట్టేవాళ్లు ఎక్కువ. నా ఖర్మ కాలి నేను చదివాను. (చదివింది మొదటి నలభై పేజీలే. అందులో తేలిందల్లా మనిషికి ఫ్లాష్‌బ్యాక్ ఉంటుందని. మా సినిమాల్లో అది పాటతో, ఫైటుతో కలిపి పది నిమిషాల్లో అయిపోతుంది.)

అప్పుడు నేను ఒక డైరెక్టరు గారి దగ్గర అసిస్టెంట్ రైటర్ని. పేరుకే రైటరు, అసలు ఉద్యోగం ఊఁ కొట్టడం. మా ఆఫీసుల్లో కథ ముందు నోట్లో పుడుతుంది, కాగితం మీదికి తర్వాత వస్తుంది. డైరెక్టరు గారు పొద్దున్నే దివాన్ మీద బాసింపట్టు వేసుకుని, నిర్మాతకు వినిపించబోయే కథ నాకు చెప్పేవారు. నేను నవ్వాల్సిన చోట నవ్వి, "అబ్బ" అనాల్సిన చోట అబ్బ అంటే, నా మొహం చూసుకుంటూ ఆయన సీన్లు దిద్దుకునేవారు. మొదటి సినిమా ఆడక ఆరేళ్లు ఖాళీగా కూర్చున్న మనిషి. పది రోజుల్లో నిర్మాతకు కథ చెప్పాలి. ఒప్పుకుంటే ఆయనకు రెండో సినిమా, నాకు తెర మీద మొదటిసారి పేరు.

సరిగ్గా అప్పుడే పుస్తకంలో ఆ పేజీ తగిలింది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే వైద్యుడు మెచ్చుకోకూడదట, తల ఊపకూడదట. ఆ మౌనంలోంచి లోపల దాగున్నది దానంతటదే బయటికి వస్తుందట. నాకు ఒళ్లు పులకరించింది. మర్నాడు డైరెక్టరు గారు పెళ్లిచూపుల సీను చెప్పారు. అన్న బదులు తమ్ముడు వెళ్లి, అమ్మాయి వాళ్లు మర్యాదగా ఉన్నారన్న మొహమాటం కొద్దీ అన్న గుట్టంతా చెప్పేస్తాడు. నవ్వు తన్నుకొచ్చింది. బుగ్గ లోపల కొరుక్కుని శిలావిగ్రహంలా కూర్చున్నాను.

"ఏంటయ్యా, కామెడీ తగల్లేదా?" అన్నారాయన.

"మీకేమనిపిస్తోంది సార్?" అన్నాను. (ప్రశ్నకు ప్రశ్నే జవాబని నలభయ్యో పేజీలో ఉంది.)

రెండోనాటికి ఆ సీను పోయింది. మూడోనాటికి తమ్ముడే పోయాడు. అయిదోనాటికి హీరోయిన్ హీరోకి చెల్లెలైపోయి, అతను ఒంటరివాడయ్యాడు. ఏడోనాడు డైరెక్టరు గారు దివాన్ మీద వెల్లకిలా పడుకుని, ఎనిమిదో తరగతిలో తను రాసుకున్న నాటకం నోటుబుక్కును వాళ్ల నాన్న పొయ్యిలో పెట్టిన సంగతి చెప్పి కళ్లు తుడుచుకున్నారు. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే జరుగుతోందని నేను లోలోపల ఎగిరి గంతేశాను. ఒక మనిషి ఎదురుగా ఏడుస్తుంటే సంబరపడ్డ వెధవని నేను.

లొకేషన్ల కోసం ఊళ్లు తిరిగి ఆ రోజే వచ్చిన మా కో-డైరెక్టర్ అన్న (బోరబండ మనిషి, ఏ పుస్తకం జోలికీ పోనివాడు) నన్ను బయటికి లాక్కెళ్లాడు. "ఏందిరా, జర ఏమన్నా అనరాదు? సారు పరేషాన్ అయితుండు."

"ప్రాసెస్ జరుగుతోందన్నా, డిస్టర్బ్ చెయ్యకు."

"ఏం ప్రాసెస్‌రా? మంచిగున్న కథను ఖరాబ్ చేస్తున్నవ్!"

చదువులేని మనిషి, ఆయనకేం తెలుసులే అనుకున్నాను.

పదోనాడు జూబ్లీహిల్స్‌లో నిర్మాత ఇంటికి వెళ్లాం. డైరెక్టరు గారు కథ ఎత్తుకున్నారు. నిర్మాతలు మొదటి పావుగంట ఏమీ అనరు, అది వాళ్ల అలవాటు. డైరెక్టరు గారు అలవాటు కొద్దీ నా వైపు చూశారు. నేను ఉలకలేదు, పలకలేదు. ఇంకో రెండు సీన్లు చెప్పి మళ్లీ చూశారు. ఆ తర్వాత ఆగిపోయారు. "క్షమించండి, ఈ కథ నాకే నచ్చడం లేదండీ" అన్నారు.

"మీకే నచ్చనిది నాకెందుకు చెబుతున్నారండీ?" అని నిర్మాత లేచి లోపలికి వెళ్లిపోయాడు.

గేటు బయట కారు దగ్గర డైరెక్టరు గారు నన్ను ఆపారు. "ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ పెళ్లిచూపుల సీను అంత బాగాలేదా?"

"చాలా బాగుంది సార్. నవ్వాపుకోలేక బుగ్గ కొరుక్కున్నాను."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా మొహంలోకి చూసి, "మరి ఒక్క ఊఁ అనొచ్చు కదయ్యా" అని కారెక్కారు.

ఆయనకు ఆ రెండో సినిమా రాలేదు. ఇప్పుడు సీరియల్స్‌కు పనిచేస్తున్నారని విన్నాను, కనుక్కోవడానికి మొహం చెల్లలేదు. నేను మాత్రం ఎవరేం చెప్పబోయినా ముందే ఊఁ అనేస్తుంటాను. "ఇంకా మొదలే పెట్టలేదండీ" అని మా ఆవిడ విసుక్కుంటుంది. నాలోని ఆనాటి మేధావి ఎక్కడైనా ఎదురుపడితే, చేతిలో పుస్తకం లాక్కుని నెత్తిన ఒక్కటి మొట్టి, పక్కన కూర్చోబెట్టుకుని ఆ తమ్ముడి సీను విందామనిపిస్తుంది. విని, ఇద్దరం కలిసి డైరెక్టరు గారికి వినపడేంత గట్టిగా నవ్వాలని ఉంటుంది.