నిమ్మచెట్ల కింద తెల్లటి గడ్డలు

అప్పట్లో మా పెద్దమందడి వైపు చెట్టుకు తెగులొస్తే ఎవరూ చెట్టును చూసేవారు కాదు, పక్కింటివాళ్లను చూసేవారు. ఆ విషయంలో నేనూ తక్కువేం కాదు. పదహారేళ్ల కొత్త కోడల్ని. అక్కనూ నన్నూ ఒకే ఇంటి అన్నదమ్ములకిచ్చారు కనుక అక్కే నాకు తోడికోడలు. నేను కాపురానికొచ్చిన ఏడాదే అన్నదమ్ములు వేరుపడి నిమ్మతోట నడుమ ముళ్లకంచె వేసుకున్నారు. అయినా కంచె సందులోంచి అక్క నాకు నువ్వులముద్ద అందిస్తే, నేను ఆమెకు పచ్చడి గిన్నె అందించేదాన్ని.

ఆ ఎండాకాలం మా చెట్ల ఆకులు పసుపెక్కాయి. ఈనెలు మాత్రం పచ్చగా ఉండి నడుమంతా పాలిపోయింది, కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. ఆ తోట పోతే మాకు బతుకుతెరువే లేదు. ఎవరో చేతబడి చేయించారని, మా దగ్గరే ఉంటున్న అత్త కంచె వైపు చూస్తూ అంది. అంతే, అక్క పొద్దున్నే గంప పట్టుకుని తోటలోకి ఎందుకొస్తోంది, మా చెట్లనే ఎందుకు చూస్తోంది అని నాకు ఒకటే అనుమానం. ఆమె ఇచ్చిన నువ్వులముద్దను కుక్కకు పెట్టి సాయంత్రం దాకా దానికి కాపలా కూర్చున్నాను. (కుక్కకేం కాలేదు. పైగా మర్నాటి నుంచి కంచె దగ్గరే మకాం పెట్టింది.)

చివరికి ఒకనాటి పొద్దున నేనూ అత్తా గడ్డపార తీసుకుని, బాగా ఎండిన చెట్టు మొదట్లో బాణామతి చేసి ఏం పాతారో చూద్దామని తవ్వాం. మూరెడు లోతున రాళ్లలాంటి తెల్లటి గడ్డలు తగిలాయి. విరుగుడని నేను వాటి మీద నిమ్మకాయ కోసి పిండాను. గడ్డ బుస్సుమని నురగ కక్కింది! ఇంకేం సాక్ష్యం కావాలి? ఒక గడ్డ కొంగున కట్టుకుని కంచె దగ్గరికి పోయి, నలుగురూ వినేటట్టు అక్కను పిలిచాను.

"మా చెట్ల కింద మంత్రించి పాతిపెట్టినవ్. ఇయ్యాల్టి సంది నువ్వు నాకు అక్కవే కాదు."

అక్క లోపలికి పోయి అచ్చం అలాంటి గడ్డే తెచ్చి, నా ఎదుటే దాని మీద నిమ్మకాయ పిండింది. అదీ బుస్సుమంది. అప్పుడు చూశాను, వాళ్ల ఆకులూ పసుపే. వాళ్ల చెట్ల కింద అప్పటికే ఏడెనిమిది గుంతలున్నాయి.

"మీరేం పాతిపెట్టిన్రో అని ఆరు దినాల సంది తవ్వుతున్న చెల్లె," అంది. "నీ పచ్చడి గూడ ముందు పిల్లికే పెట్టిన."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరం ఏడ్చాం.

సంస్థానం తోటలో పనిచేసే ముసలి తోటమాలిని మా బావ పిలుచుకొచ్చాడు. ఆయన ఒక ఆకు తెంపి వెలుతురుకు పట్టి చూసి, "లోపటంత సున్నపురాయి. చెట్టు ఆకలైతుందని ఆకుతోని చెప్తుంటే మీరు ఒకరి మొకాలు ఒకరు చూస్తున్రు," అన్నాడు. (అలాంటి నేలలో ఇనుము, జింకు ఉన్నా వేరుకు అందవని ఎన్నో ఏళ్ల తర్వాత విన్నాను.) చెరువు మట్టి, పెంట ఎరువు తోలడానికి బండ్లు తిరగాలని కంచె తీశారు. సగం చెట్లు తేరుకున్నాయి. కంచె మళ్లీ ఎవరూ వేయలేదు.

కానీ నేనన్న మాటను అక్క ఊరికే వదల్లేదు. ఆనాటి నుంచి నాకు ఏది పెట్టినా ముందు తను ఓ కొరుకు కొరికి, "చూడు, బతికే ఉన్న, తిను," అని చేతికిచ్చేది. అందరి ముందూ అలాగే చేసేది. నేను సిగ్గుతో చచ్చేదాన్ని. అక్క పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఎవరు పెట్టినా నువ్వులముద్ద చేతికి గుండ్రంగానే వస్తుంది.