రక్తం ఇవ్వనన్న రోజు

మా వీధిలో ఎవరిని కరీంనగర్ ఆస్పత్రికి తీసుకుపోయినా ముందు నాకే ఫోన్ వచ్చేది. నాది ఓ నెగెటివ్ రక్తం, అంత తేలిగ్గా దొరకదు. మరమగ్గాల మీద పనిచేసేవాడికి ఊళ్లో దక్కే గౌరవం ఎంతని? నాకు మాత్రం ఆ రక్తం పుణ్యమా అని బాగానే దక్కింది. మగ్గం ఆపి మరీ పరిగెత్తేవాణ్ని. ఇచ్చి వచ్చాక నా ఫోటో వాట్సాప్‌లో తిరిగేది. లోపల్లోపల మురిసిపోయేవాణ్ని, అబద్ధమెందుకు!

అలాంటివాణ్ని ఆదిలాబాద్‌లో ఒక పెళ్లికని పోయి, ఇంట్లో భార్యను పెట్టుకుని పరాయి మనిషి దగ్గరికి పోయాను. కండోమ్ వాడాను, అది చిరగలేదు కూడా. అయినా తిరుగు బస్సులోనే ఎయిడ్స్ భయం పట్టుకుంది. వారం తిరిగేసరికి అద్దం ముందు నాలుక చాపి చూసుకోవడం, మెడ కింద గడ్డలున్నాయా అని తడుముకోవడం, ఫోన్‌లో అడ్డమైనవన్నీ చదవడం. చిన్న దగ్గు వచ్చినా అయిపోయానురా అనుకునేవాణ్ని. నడుము నొప్పి అని చెప్పి భార్యకు దూరంగా చాప వేసుకున్నాను. దొంగకు తేలు కుట్టినట్టు, ఎవరికి చెప్పుకోను?

పదో రోజు నా బుర్రకు ఒక దిక్కుమాలిన ఉపాయం తట్టింది. రక్తం ఇస్తే వాళ్లే అన్ని పరీక్షలూ చేస్తారు కదా, ఏమన్నా ఉంటే చెప్తారు, ఎవరికీ అనుమానం రాదు! కరీంనగర్ పోయి ఫారం నింపాను. కొత్తవాళ్లతో సంబంధం పెట్టుకున్నారా అన్నచోట లేదని రాశాను. మంచమెక్కి చొక్కా చేయి మడిచాను. అక్కడ రక్తం తీసే అమ్మాయి నన్ను గుర్తుపట్టి నవ్వింది.

"మళ్ల వచ్చినవా అన్నా! నిన్న ఒక పసిపాపకు నీ గ్రూపే దొరకక మస్తు పరేషాన్ అయినం."

పసిపాప అనగానే మడిచిన చొక్కా చేయి కిందికి దించేశాను. కళ్లు తిరుగుతున్నాయని చెప్పి దిగిపోయాను. ఛీ, ఏం బతుకురా నీది అని తిట్టుకుంటూ పక్క బిల్డింగ్‌లో హెచ్ఐవి పరీక్ష చేసే గదికి పోయాను. అక్కడి కౌన్సిలర్ మేడం తలుపు వేసి అంతా విన్నది.

"కండోమ్ చినగలే అంటున్నవ్ గదా, నీకు అంటుకునుడు మస్తు తక్కువ. గని ఇయ్యాల పరీక్షల లేదని వచ్చినా నమ్మరాదు. రోగం ఉన్నా రక్తంల కనవడనీకె టైం పడ్తది. ఆరు వారాలకు రా, మూడు నెలలకు ఇంకోపారి రా. అప్పటిదాంక ఎవ్వలకు రక్తం ఇయ్యకు. ఒకవేళ నీకు ఉండి, ఇయ్యాల ఇచ్చినవనుకో, పరీక్షల దొరకక ఏ పసిపిల్లకో ఎక్కిస్తుంటిమి."

ఐదో వారంలో అక్క ఫోన్ చేసింది. ఆమె కూతురికి కరీంనగర్‌లోనే కాన్పయింది, రక్తస్రావం ఆగడం లేదు.

"తమ్మీ, జల్ది రారా! నీ గ్రూప్ రక్తం ఈడ లేదంటుండ్రు."

నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల అది. నా భార్యా నేనూ పరిగెత్తాం. పోగానే అక్క నా చెయ్యి పట్టుకుని బ్లడ్ బ్యాంకు వైపు లాగింది.

"నాకు జ్వరం అక్కా, ఇయ్యరాదు" అన్నాను.

బావ నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు. "జ్వరం ఏడున్నదిరా? పిల్ల పానం పోతుంటే గిదేం తమాషా?"

నిజం చెప్పేద్దామా అనుకున్నాను. తక్కువే అన్నది కదా మేడం, ఇచ్చేస్తే పోలా అని కూడా అనిపించింది. కానీ తక్కువంటే లేదని కాదు. గోడకు ఆనుకుని, రక్తం ఇచ్చే చోట పరిచయమైన ప్రతివాడికీ ఫోన్ కొట్టాను. చివరికి లక్సెట్టిపేటలో బట్టల దుకాణం నడిపే, నా గ్రూపే ఉన్న సాయిబు ఒకాయన "ఫికర్ జెయ్యకు భాయ్, వస్తున్న" అన్నాడు. ఆయన వచ్చేదాకా రెండు గంటలు అక్క నా మొహం చూడలేదు. పిల్ల బతికింది.

ఆ రెండు గంటలూ నా భార్య, ఎవరు రక్తం ఇవ్వకూడదో రాసిన బోర్డు ముందు నిలబడి ఉంది. తిరుగు బస్సులో నెమ్మదిగా అంది.

"జ్వరం లేదు. కామెర్లు కాలే. పచ్చబొట్టు పొడిపిచ్చుకోలే. మందులు మింగుతలేవు. గా బోర్డు మీద ఇగ ఒక్కటే మిగిలింది. ఎవల దగ్గరికి పోయినవ్?"

చెప్పేశాను. ఆమె కిటికీ వైపు తిరిగింది, ఊరు వచ్చేదాకా ఇటు తిరగలేదు.

ఆరు వారాలకు లేదని వచ్చింది. మూడు నెలలకూ లేదనే వచ్చింది. ఇక నిశ్చింతగా ఉండమన్నది మేడం. ఎగిరినంత పని చేసి ఇంటికొచ్చి ఆ కాగితం నా భార్య ముందు పెట్టాను. ఆమె మొత్తం చదివి మడత పెట్టింది.

"రేపు నన్ను గూడ తీస్కపో. నేను గూడ చూయించుకుంట."

"నీకెందుకే? ఆనాటి సంది నీ పక్కకు గూడ రాలే గదా. గా ఒక్కసారే, ఒట్టు!"

"గా ఒక్కసారి సంగతి గూడ నీ అంతట నువ్వు చెప్పలే. అంతకుముందటియి నాకెట్ల ఎర్క?"

మర్నాడు, ఏ తప్పూ చేయని మనిషి లోపల సూది గుచ్చించుకుంటుంటే, నేను బయట బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాను.