మైల ఇంట్లో టీవీ

వినోదం అనే మాటను ఎన్నేళ్లుగా పిల్లలకు చెప్తున్నానో! 'నుద్' అంటే నెట్టడం. ముందు 'వి' చేరితే దూరంగా నెట్టేయడం. బాధనో బడలికనో మన దగ్గర్నుంచి నెట్టేసేది వినోదం. సుద్దముక్కతో బోర్డు మీద విడదీసి రాసి, ఊరికే నవ్వుకోవడం కాదు సుమా అని గర్వంగా చెప్పేదాన్ని. తెలుగు టీచర్లకు ఆ గర్వం ఒక జబ్బు.

మా మామయ్య పోయిన నాలుగో రోజు. వరంగల్ చౌరస్తా దగ్గర కింద మా బట్టల దుకాణం, పైన ఇల్లు. దుకాణం షట్టర్ దించి ఉంది. మైల ఉన్న పదకొండు రోజులూ మా ఇళ్లలో టీవీ పెట్టరు, కొందరైతే దాని మీద దుప్పటి కప్పేస్తారు. మేమూ కప్పాం. పొద్దున పదింటికి నేను వంటింట్లో ఉంటే ముందు గదిలోంచి పకపకా నవ్వులు వినిపించాయి. వెళ్లి చూస్తే మా అత్తమ్మ దుప్పటి తీసేసి, కామెడీ షో పెట్టుకుని కూర్చుంది. నవ్వడం లేదు, రెప్ప వేయకుండా చూస్తోంది.

నాకు ఒళ్లు మండింది. బజారంతా పలకరించడానికి వచ్చే వేళ అది.

"నలుగురు చూస్తె ఏమనుకుంటరు అత్తమ్మా? మామ పోయి నాలుగు దినాలన్న కాలె!" అంటూ రిమోట్ గుంజుకుని బంద్ చేశాను. అంతటితో ఆగక వైరు కూడా పీకేశాను.

అత్తమ్మకు కోపం రాలేదు. "అది బందైతే మీ మామ దగ్గు ఇనవడ్తాంది బిడ్డా. మంచినీళ్లియ్యాలె అని లేస్తాన. లేశినంక యాదికొస్తాంది," అంది.

వినోదం అనే పదాన్ని బోర్డు మీద ముక్కలు చేసి చూపించానే గానీ, నెట్టేయకపోతే పూట గడవని మనిషిని అప్పుడే చూశాను. అయినా వైరు మళ్లీ పెట్టలేదు. మెట్ల మీద ఎవరివో చెప్పుల చప్పుడు. జనానికి భయపడ్డాను, అంతే. పదో రోజు దాకా ఆమె గ్లాసు పట్టుకుని లేవడం, గది మధ్యలో ఆగిపోవడం చూస్తూనే ఉన్నాను. ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

పన్నెండో రోజు నేనే వైరు కలిపి, అదే షో వెతికి పెట్టాను. అత్తమ్మ ఒక్క నిమిషం చూసి నా చెయ్యి పట్టుకుంది.

"జర బంద్ చెయ్ బిడ్డా, ఇననియ్యి. నిన్నటిసంది దగ్గు ఇనవడ్తలేదు."