మీట లేని గొంతు

ఆశీర్వాదానికి మెల్లగా మాట్లాడటం రాదు. రహస్యం చెప్పాలనుకుంటే మనిషిని పక్కకు పిలుస్తాడు, చుట్టూ ఎవరూ లేరని చూసుకుంటాడు, చెవి దగ్గర నోరు పెడతాడు, అప్పుడు అరుస్తాడు. ఆయనింట్లో ఇవాళ ఏం కూరో నాచారంలోని ఆ గల్లీ మొత్తానికి తెలుసు.

"రేకు డబ్బాల కంపెనీల మిషన్ పక్కన పని గదా, గొంతు అట్లనే అలవాటైపోయింది" అని అందరూ సర్దిచెప్పుకున్నారు. ఆయన కూడా "గదే, గదే!" అని అరిచి ఒప్పుకునేవాడు. ఆయనతో మాట్లాడేవాళ్లూ గొంతు పెంచక తప్పదు కాబట్టి, ఆయనా, భార్య దోర్కా ఉండే పై పోర్షన్‌లో ఎవరు పలకరింపుకు వెళ్లినా కింద నిలబడినవాళ్లకు గొడవ జరుగుతున్నట్టే ఉండేది.

కింది పోర్షన్ ఆయన చెల్లెలిది. ఆమె కూతురు గ్రేస్ ఇంటర్ పూర్తిచేసింది. ఆదివారాలు చర్చిలో సౌండ్ మిక్సర్ ముందు కూర్చుని మైకులు చూసుకునేది ఆ అమ్మాయే. పాస్టరు గారి గొంతుకు ఒక మీట, గిటారుకు ఒక మీట, పాటలు పాడే అక్కలకు తలా ఒకటి. ఏది ఎక్కువైనా వేలితో తగ్గించేది. మామ గొంతుకు మాత్రం మీట లేదు. ఆయన వెనక వరుసలోంచి "ఆమేన్" అంటే ముందు వరుసలో నిద్రపోయే పిల్లలు లేచి ఏడ్చేవారు.

"ఆశీర్వాదం అన్నా, దేవుడు దగ్గర్నే ఉన్నడు, జర మెల్లగ" అనేవారు పాస్టరు గారు.

"అట్లనే పాస్టర్ గారూ!" అని ఆయన అరిచేవాడు.

ఆ మిక్సర్ దగ్గరే గ్రేస్‌కు ఆడియో ఇంజనీరింగ్ చదివితే ఎట్లా ఉంటుందన్న ఆలోచన పుట్టింది. నిజంగా ఇష్టమో, ఆదివారం సరదానో తేల్చుకోలేకపోయింది. ఎవరితోనైనా గుట్టుగా మాట్లాడాలనుకుని, మనిషి మంచివాడు కదా అని, డాబా మీద బట్టలు ఆరేస్తున్న మామ దగ్గరకు వెళ్లింది. అదీ ఆమె తెలివి.

"ఏందీ? ఆడియో ఇంజనీరింగా? బీటెక్ వద్దా?"

కింద ఇస్త్రీ చేస్తున్న హన్మయ్య పెట్టె పక్కన పెట్టి తలెత్తాడు. సాయంత్రానికి గల్లీ అంతా గ్రేస్ భవిష్యత్తు మీద కూర్చుంది.

"డీజేకు మస్తు గిరాకీ ఉంటది బిడ్డా, చదువు" అన్నాడు హన్మయ్య.

"మా మరిది కొడుకు గిదే పని. పగలంత పంటడు, రాత్రంత కండ్లు తెరుస్తడు. పిల్లనెవలిస్తలేరు" అంది ఎదురింటి పద్మశ్రీ.

"ఆడపిల్ల మైకులు మోసుడేందే?" అంది తల్లి.

తండ్రి విజయ్ కుమార్ తనకు తోచింది తనన్నాడు. "పేర్ల ఇంజనీరింగ్ ఉన్నది గదా. మరి ఎంసెట్ ర్యాంకుకు ఇయ్యరా?"

హన్మయ్య చెప్పింది విన్న పూట చదవాలనిపించేది. పద్మశ్రీ కనపడితే వద్దనిపించేది. పొద్దున బీటెక్, మధ్యాహ్నం ఆడియో, రాత్రికి ఏ చదువూ లేని లోకం ఎక్కడైనా ఉంటే బాగుండునని. తండ్రి అడిగితే "ఏమో డాడీ" అని గొణిగేది.

"సోమవారం కాలేజీ ఆప్షన్లు పెట్టాలె. జవాబు గట్టిగ చెప్పకుంటే నేను బీటెకే పెడ్త" అన్నాడాయన. అయినా మనిషి కఠినుడు కాదు. "ఉప్పల్‌ల ఏదో ఇన్‌స్టిట్యూట్ ఉన్నదట, పోయి చూసిరా. నాకు డ్యూటీ ఉన్నది, మామను తీస్కపో."

గ్రేస్ తల పట్టుకుంది. సౌండు నేర్పే చోటికి మామనా!

శనివారం ముగ్గురూ బయల్దేరారు. దోర్కా అత్తమ్మ కూడా మంచి చీర కట్టుకుని వచ్చింది. ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తులో ఉంది. మెట్ల మీదే మామ గొంతు వాళ్లకన్నా ముందు పైకి చేరింది.

"గోడలకు పరుపులు కుట్టిన్రేంది సార్?"

పాఠాలు చెప్పే హృషికేశ్ అనే కుర్రాడు చెవి రుద్దుకుంటూ బయటకు వచ్చాడు. "చప్పుడు ఎగిరి తిరిగి రాకుండా, అంకుల్." ఆయన్ను చూడగానే ఉత్సాహం వచ్చినట్టుంది. "మీరు లోపలికెళ్లి మైకులో మాట్లాడండి. అమ్మాయి ఇక్కడ బోర్డు మీద లెవెల్ చూసుకుంటుంది."

అద్దాల గదిలోకి మామ వెళ్లాడు. ఇవతల గ్రేస్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. పక్కనే అత్తమ్మ సోఫాలో కూర్చుంది.

"తలుపేస్తే నా మాట అవతలికి పోదా?" అని అడిగాడు మామ.

"అస్సలు పోదు. ఈ అమ్మాయికి తప్ప ఎవరికీ వినపడదు" అని హృషికేశ్ తలుపు మూసి ఫోను వస్తే బయటకు వెళ్లాడు.

మామ నమ్మలేదు. అద్దం వైపు తిరిగి "దోర్కా!" అని అరిచాడు. బోర్డు మీద ఎర్ర దీపాలన్నీ వెలిగాయి. గ్రేస్ హెడ్‌ఫోన్స్ పీకేయబోయింది. అత్తమ్మ తన చీర కుచ్చిళ్లు సర్దుకుంటూనే ఉంది.

మామ ముఖం తేలికపడింది. మైకుకు దగ్గరగా వంగాడు.

"గ్రేసూ, ఇనబడ్తుందా బిడ్డా?"

గ్రేస్ ఉలిక్కిపడింది. చిన్నపిల్లను నిద్రలేపుతున్నంత మెత్తని గొంతు. ఎవరిదా అని గదిలోకి చూసింది. మామ తప్ప ఎవరూ లేరు.

ఆమె లోపలికి మాట వెళ్లే బటన్ నొక్కి, "మామా, గొంతు పోయిందా?" అంది.

మామ నవ్వాడు. "గిదే నా గొంతు. మీ అత్తమ్మకు చెవులు తక్కువైనయి. ఎప్పటి సందో. చెవి మిషన్ పెట్టుకొమ్మంటే, నేనేమన్న ముసల్దాన్నా అంటది. ఆమె ఒక్కదానితోనే ఒర్రి మాట్లాడ్తే చిన్నబోతది గదా? అందుకే అందరితోని ఒర్రుతున్న. నన్ను పిచ్చోడంటున్నరు, అననియ్."

గ్రేస్ పక్కకు చూసింది. తను బటన్ నొక్కి మాట్లాడింది మామూలు గొంతుతోనే. జానెడు దూరంలో ఉన్న అత్తమ్మ, మామకు ఏమైందని అడగలేదు సరికదా, తలే తిప్పలేదు. వాళ్లిద్దరి మాటలు ఇన్నేళ్లూ తన నెత్తి మీద మోగాయి. తనకు చప్పుడే తెలిసింది గాని, మాట వినలేదు.

"మరి నన్నేం చదవమంటవ్ మామా?"

"నాకు తెల్వది బిడ్డా" అన్నాడు మామ అంతే మెత్తగా. "ఉద్యోగమొస్తదో రాదో గూడ తెల్వది. గని మిక్సర్ కాడ కూసున్నప్పుడు నువ్వు ఫోన్ ముట్టవు. గా సంగతి నేను చూసిన."

అన్ని రోజుల్లో తెలియదని ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే. గ్రేస్‌కు ఎందుకో ఊపిరాడినట్టయింది.

బయటకొచ్చి ఆటో కోసం రింగ్‌రోడ్డు దగ్గర నిలబడ్డారు. బస్సుల హారన్లు, ఫ్లైఓవర్ పనుల మోత. విజయ్ కుమార్ నుంచి ఫోనొచ్చింది. మామ దాన్ని చెవికి పెట్టి "ఆఁ బావా, చూసినం!" అని మొదలుపెట్టేలోపే అత్తమ్మ గ్రేస్ భుజం తట్టింది.

"ఏం జేస్తవే మరి?"

గ్రేస్ అలవాటుగా గొణగబోయి ఆగింది. గుండె నిండా గాలి పీల్చింది.

"ఆడియోనే చదువుత అత్తమ్మా! నాకు గదే ఇష్టం!"

బస్సు కోసం నిలబడ్డ జనమంతా వెనక్కి తిరిగారు. షేర్ ఆటో అతను "చదువుదువు గని అక్కా, ముందుగాల ఎక్కు" అన్నాడు. అత్తమ్మ ముఖమంతా నవ్వు. ఒక్క మాటా పోకుండా వినపడింది.

ఆ కేక ఫోనులో అవతలికీ చేరింది. తర్వాత విజయ్ కుమార్ గొంతు వచ్చింది. "గింత గట్టిగ ఇంట్ల ఒక్కనాడన్న చెప్పిందా బావా? సరే, చదువుకోనియ్."

మామ ఫోను జేబులో పెట్టుకుని, గ్రేస్‌ను పక్కకు లాగి, చుట్టూ చూసుకుని, చెవి దగ్గర నోరు పెట్టాడు.

"గట్ల ఒర్రుతవేందే? అందరు ఇంటున్నరు!"